కోచ్‌గా ఆయన పేరు, తోడుగా నేనా?

ప్రశ్న: తిరుపతిలో బీపీఈడీ చేసి, చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. యూనివర్సిటీ తరఫున కబడ్డీ ఆడాను. నాతోపాటే చేరిన సార్‌కి గ్రౌండు, టీములు, టోర్నమెంట్లు. నాకేమో ప్రేయర్ లైన్లు, ఆడపిల్లల యూనిఫామ్ చెకింగు, యానివర్సరీ డ్యాన్సులు. అమ్మాయిల టీమ్ బయటికి పోయినా కోచ్‌గా ఆయన పేరే రాసి, నన్ను తోడు పంపిస్తారు. జీతమూ తక్కువే. అడిగితే "ఎండలో నీకెందుకమ్మా శ్రమ" అంటారు. పైగా గ్రౌండులో కూడా చీరే కట్టుకోవాలంట. గొడవ లేకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చిత్తూరు ఎండ ఆ సార్‌ని చూసి తగ్గుతుందా ఏమిటి! సరే, జీతం కంటే ముందు కోచ్ పేరు సంగతి తేల్చుకోండి. రేపు మీరు ఇంకో స్కూలుకి వెళ్ళినా ఏ టీమ్‌ని తీసుకెళ్ళారు, ఎంతమంది పిల్లలు జిల్లాకి ఆడారు అనే అడుగుతారు, కాగితం మీద మీ పేరు లేకపోతే అన్నేళ్ళ పనీ లెక్కలోకి రాదు, ఆ "అనుభవం లేదు" అన్నదే చూపించి మళ్ళీ జీతం తగ్గిస్తారు.

మీ చేతిలో ఒక పట్టు ఉంది. లేడీ టీచర్ తోడు లేకుండా అమ్మాయిల టీమ్‌ని మీవాళ్ళు ఊరు దాటించడం లేదు కదా, అంటే మీరు కదలకపోతే టీమే కదలదు. అందుకని ఎంట్రీ ఫారాలు నింపే ముందే అడగండి. సమానత్వం లాంటి పెద్ద మాటలు వద్దు, "అండర్-14, అండర్-17 అమ్మాయిల కబడ్డీకి కోచ్‌గా నా పేరు రాయండి, వారంలో ఫలానా పీరియడ్లు గ్రౌండు ఇవ్వండి" అని మెయిల్ పెట్టండి, నోటిమాటగా వదిలేయొద్దు. గ్రౌండు ఖాళీ లేదంటే మహిళల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు అని చెప్పండి, ఒక మూల చాలు. చీర గురించి వాదన కూడా అనవసరం. చీరలో యాంకిల్ హోల్డ్ ఎలా చూపించాలో వాళ్ళనే చెప్పమనండి, ట్రాక్‌సూట్ దానంతటదే వస్తుంది.

ఒకే పనికి ఆడా మగా తేడాతో జీతం తగ్గించకూడదని 1976లోనే చట్టం వచ్చింది. మొదటి రోజే అది తీయకండి, కానీ తెలిసి ఉండండి. పక్కన డీఎస్సీకి కూడా చదువుకోండి, అక్కడ ఒకే పోస్టుకి ఇద్దరికీ ఒకటే స్కేలు, మూడో వంతు పోస్టులు మహిళలకే.

డ్యాన్సులంటారా, ఈ ఏడాది మీరు నేర్పిస్తే వచ్చే ఏడాది సార్‌ వంతు.