కదలని చేతిలో మెదడు లయ

ప్రశ్న: ఒక వస్తువును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కదలకుండా పట్టుకున్నప్పుడు మెదడు తరంగాలూ కండరంలోని విద్యుత్ సంకేతాలూ ఒకే లయలో సాగుతాయని చదివాను. అంటే మెదడు ఆ లయలోనే కండరానికి ఆజ్ఞలు పంపుతుందా? చేయి సన్నగా వణకడానికి కారణం కూడా అదేనా?

జవాబు: మీరు చదివింది నిజమే. మెదడులో పుట్టే అతి సూక్ష్మమైన అయస్కాంత క్షేత్రాలనూ, చేతి కండరంపై అతికించిన ఎలక్ట్రోడ్ల సంకేతాలనూ ఒకేసారి నమోదు చేసిన పరిశోధకులు, ఈ రెండింటి మధ్య 15 నుంచి 30 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్ని తరంగాల చొప్పున ఉండే బీటా లయలో పొందిక కనిపిస్తోందని 1995లో ప్రచురించారు. పనిచేస్తున్న చేతికి ఎదుటి వైపున్న అర్ధగోళంలో, కదలికలను నడిపే మోటార్ కార్టెక్స్ వద్ద అది స్పష్టంగా కనిపిస్తుంది.

దీనిలో అసలు ఆసక్తికరమైన విషయం, ఈ లయ ఎప్పుడు కనిపిస్తుందన్నది. వేళ్లు పట్టు బిగిస్తూ కదులుతున్నంతసేపూ బీటా పొందిక దాదాపు మాయమవుతుంది. పట్టు కుదిరి బలం స్థిరపడగానే తిరిగి వస్తుంది. కండరాన్ని గట్టిగా బిగించినప్పుడు మాత్రం లయ 40 హెర్ట్జ్ ప్రాంతానికి జరుగుతుంది. కాబట్టి బీటా లయను కదలికకు ఆజ్ఞగా కాక, ఉన్న స్థితిని నిలిపి ఉంచే ఏర్పాటులో భాగంగా చూడడమే సబబని నా అభిప్రాయం.

అయితే పట్టుకు కావలసిన బలమంతా ఈ లయ నుంచే వస్తుందనుకోకూడదు. సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతలో ఈ పొందిక ఆరోగ్యవంతులలో సైతం సాధారణంగా సున్నాకే దగ్గరగా ఉంటుంది. కొందరిలో గుర్తించదగినంతగా కనిపించదు కూడా, అయినా వారు వస్తువును చక్కగానే పట్టుకోగలుగుతారు. పైగా తేలికపాటి పట్టులో వెన్నుపాము నుంచి కండరానికి ఆజ్ఞను అందించే ఒక్కొక్క చాలక నాడీకణం సెకనుకు పదిసార్ల చొప్పున మాత్రమే స్పందించవచ్చు. అలాంటప్పుడు 20 హెర్ట్జ్ లయ కండరానికి ఎలా చేరుతుందన్న సందేహం కలగడం సహజమే. ఏ ఒక్క కణమూ ప్రతి తరంగాన్నీ మోయనక్కరలేదు. అనేక కణాలకు ఒకే ప్రేరణ అందుతుంది గనుక, కొన్ని ఒక తరంగానికీ మరికొన్ని తర్వాతి తరంగానికీ స్పందించగా, వాటన్నిటి మొత్తంలో ఆ లయ నిలుస్తుంది.

ఇది పైనుంచి కిందికి మాత్రమే సాగే వ్యవహారమూ కాదు. మెదడు నుంచి చేతి కండరానికి సంకేతం సుమారు 20 మిల్లీసెకన్లలో చేరుతుంది. కండరంలోని సాగుదలనూ చర్మంపై ఒత్తిడినీ తెలిపే సంకేతాలు అదే విధంగా పైకి వెళ్తూ ఉంటాయి. ఈ స్పర్శ, స్థితి జ్ఞానాన్ని కోల్పోయిన వ్యక్తిలో పొందిక బాగా తగ్గినట్లు గమనించారు. అందువల్ల, పట్టు సరిగా ఉందో లేదో మెదడు ఈ లయతో పరీక్షించుకుంటూ ఉండవచ్చని కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఇది ఊహే అయినా, బలమైన ఆధారాలున్న ఊహ.

ఇక వణుకు సంగతి. ఆరోగ్యవంతుల చేతిలో కనిపించే సన్నని వణుకులో నాడీ వ్యవస్థ నుంచి వచ్చే భాగం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ వేగంలో కార్టెక్స్‌కూ కండరానికీ పొందిక సాధారణంగా బలహీనం. మిగిలిన భాగం చేతి బరువు, కీళ్ల బిగువు వల్ల వచ్చేది. చేతికి కొంత బరువు కట్టి చూస్తే ఈ యాంత్రిక భాగం వేగం తగ్గుతుంది గానీ, నాడుల నుంచి వచ్చే భాగం దాదాపు అదే వేగంతో కొనసాగుతుంది.