మూడో పక్షమా, మూడో కూటమా?

సందేహం: అమెరికా ఎన్నికల మీద తెలుగులో వచ్చే వ్యాసాల్లో, అక్కడి రెండు పెద్ద పార్టీలు కాక మిగిలినవాటిని ఒకరు 'మూడో కూటమి' అంటున్నారు, ఇంకొకరు 'తృతీయ పార్టీలు' అంటున్నారు. మొన్న ఒకచోట 'తటస్థ పార్టీలు' అని కూడా చదివాను. వీటిలో ఏది సరైనది? పైగా అలాంటివి ఒకే ఎన్నికలో నాలుగైదు పోటీపడతాయి కదా, అన్నీ మూడోవే ఎలా అవుతాయి? 'మూడవ' అని రాయాలా, 'మూడో' అని రాయాలా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ ఉత్తరంలో పదునైన ప్రశ్న లెక్క గురించినది. ముందు అది చూద్దాం. తెలుగులో 'మూడో' అన్నది ఎప్పుడూ లెక్క కోసమే రాదు. 'మూడో కంటికి తెలియకుండా పని ముగించాడు' అంటాం. ఆ మొదటి రెండు కళ్లు ఎవరివని ఎవరూ అడగరు. 'మన మధ్యకు మూడో మనిషి ఎందుకు?' అంటే, వచ్చేది పదిమంది పెద్దమనుషులైనా అందరూ మూడో మనుషులే. ఇద్దరి వ్యవహారానికి వెలుపల ఉన్నవాళ్లు ఎందరైనా మూడోవాళ్లే. 'థర్డ్ పార్టీ' అనే అమెరికా వాడుక కూడా ఇదే. 2000లో గ్రీన్ పార్టీ తరఫున రాల్ఫ్ నేడర్, రిఫార్మ్ పార్టీ తరఫున పాట్రిక్ బ్యుకానన్, లిబర్టేరియన్ పార్టీ తరఫున హ్యారీ బ్రౌన్ అధ్యక్ష పదవికి నిలబడ్డారు. మూడింటినీ మూడో పార్టీలనే అన్నారు కానీ, ఇది నాలుగోది, అది అయిదోది అని వరస కట్టలేదు.

ఇక అసలు మాట పక్షం. ఇది నాకు చాలా ఇష్టమైన మాట. కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

'పక్ష' శబ్దానికి మొదటి అర్థం రెక్క. అది ఉన్నది కనుకనే పక్షి. రెక్క ఉండేది పక్కన కనుక పక్షమంటే పక్క, వైపు అని అర్థం పాకింది. చాంద్రమాసానికి రెండు పక్కలు, శుక్లపక్షం, కృష్ణపక్షం. ఒంట్లో ఒక పక్క చచ్చుబడితే పక్షవాతం. వాదంలో ముందుగా ఎత్తి చూపేది పూర్వపక్షం. 'వాన కురిసిన పక్షంలో' అన్నప్పుడు కూడా జరగడానికీ జరగకపోవడానికీ మధ్య ఒక వైపు నిలబడి మాట్లాడుతున్నామన్నమాట. మన 'పక్క' ప్రాకృతంలోని 'పక్ఖ' నుంచి వచ్చిందని కొందరంటారు. కాదు, తమిళ 'పక్కం'తో పాటు అది అచ్చ ద్రావిడమేనని ఇంకొందరంటారు. ఇద్దరి దగ్గరా మంచి వాదనలే ఉన్నాయి.

ఈ మాటల్లో ఎక్కడ చూసినా రెండే. రెక్కలు రెండు, పక్కలు రెండు, నెలకు పక్షాలు రెండు. మూడో పక్షం ఉన్న నెల ఏ పంచాంగంలోనూ లేదు. అందుకే 'మూడో పక్షం' అంటే చెవికి కొంచెం ఎబ్బెట్టుగా తోస్తుంది. అమెరికా విషయంలో ఆ ఎబ్బెట్టులోనే అర్థముంది.

ఇంగ్లీషు 'పార్టీ' వంశం వేరు. లాటిన్‌లో 'పార్స్' అంటే భాగం. దాని నుంచి విడదీయడం, పంచడం అనే క్రియ పుట్టింది. పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన 'పార్టీ' అంటే విడదీసిన ముక్క, వాటా. అచ్చంగా మన 'పాలు'. పాలు పంచుకునేవాళ్లు మనకు పాలివాళ్లు, సంస్కృతంలో దాయాదులు. 'దాయం' అన్నా వాటాయే. ఇంగ్లీషు మాటలో అన్నదమ్ముల పంపకం ఉంది, మన మాటలో ఒకే ఒంటికి మొలిచిన రెక్కలున్నాయి. (విందుకు పార్టీ అనడం, స్థలం కొనడానికి వచ్చినవాణ్ని 'పార్టీ' అనడం ఇదే కొమ్మకు తరువాత వేసిన చిగుళ్లు.)

అమెరికా తొలితరం పెద్దలు పార్టీని పంపకంగానే చూసి భయపడ్డారు. 1787లో రాసుకున్న రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ఊసే లేదు. 1796లో జార్జ్ వాషింగ్టన్ తన వీడ్కోలు సందేశంలో దేశాన్ని పార్టీ బుద్ధి గురించి హెచ్చరించాడు. ఆయన అన్న 'స్పిరిట్ ఆఫ్ పార్టీ'ని 'పార్టీ స్ఫూర్తి' అని తెలుగు చేయడం చూశాను. వద్దని హెచ్చరించే చోట స్ఫూర్తి ఏమిటండీ? నిఘంటువులో ఒక ఇంగ్లీషు మాటకు ఎదురుగా కనిపించిన మొదటి తెలుగు మాటను తెచ్చి అతికించడం అనువాదం కాదు. మనకు 'పక్షపాతం' ఉంది. ఒక పక్షం మీదికి వాలిపోవడం, ఒక రెక్క వైపే ఒరిగిపోవడం. ఆయన చెప్పింది సరిగ్గా అదే. ఆ హెచ్చరిక వెలువడేనాటికే హామిల్టన్ వెనక ఫెడరలిస్టులు, జెఫర్సన్, మాడిసన్‌ల వెనక రిపబ్లికన్లు చేరి రెండు రెక్కలూ మొలిచాయి. (ఆ రిపబ్లికన్లు వేరు, ఇప్పటి రిపబ్లికన్లు వేరు.)

మూడో రెక్క మొలిచిన కథ వినదగ్గది. న్యూయార్క్ రాష్ట్రంలో బటేవియా అనే ఊళ్లో విలియం మోర్గన్ అని ఒక తాపీ పనివాడు. ఫ్రీమేసన్లు అనే రహస్య సోదర సంఘం వాళ్ల గుట్టును అచ్చు వేయిస్తానన్నాడు. 1826 సెప్టెంబరులో ఒక చిన్న బాకీ కింద అతన్ని కానండైగ్వా జైల్లో పెట్టారు. ఎవరో ఆ బాకీ కట్టి బయటికి తెచ్చి, జైలు దగ్గరే బండెక్కించి తీసుకుపోయారు. అతను మళ్లీ ఇల్లు చేరలేదు. 'మేసన్' అన్నా తాపీ పనివాడే, కానీ మన 'మేస్త్రీ'కి దానితో చుట్టరికం కలపకండి. మేస్త్రీ పోర్చుగీసు 'మెస్త్రే' నుంచి దిగింది.

మోర్గన్ మాయం కావడం మీద రగిలిన కోపం యాంటీ మేసనిక్ పార్టీ అయింది. ఆ పార్టీ 1831 సెప్టెంబరులో బాల్టిమోరులో పలు రాష్ట్రాల ప్రతినిధులను కూర్చోబెట్టి అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకుంది. అలాంటి జాతీయ మహాసభ ఆ దేశంలో అదే మొదటిది. ఆ డిసెంబరులో నేషనల్ రిపబ్లికన్లు, 1832 మేలో డెమొక్రాట్లు అదే ఊళ్లో అదే పని చేశారు. ఎన్నికల్లో ఈ మూడో పక్షానికి దక్కింది వెర్మాంట్ రాష్ట్రం ఒక్కటే, 7 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి ఒక్కో రాష్ట్రానికి ఉండే ఓట్లు). దాని అభ్యర్థి విలియం వర్ట్ తానే ఒకప్పుడు మేసన్. కొద్ది ఏళ్లకే పార్టీ కనుమరుగైంది. అది నేర్పిన మహాసభ మాత్రం ఈనాటికీ నాలుగేళ్లకోసారి రెండు పెద్ద పార్టీల ఇళ్లలో పండుగలా జరుగుతూనే ఉంది.

ఇలా సభలు కట్టి, అభ్యర్థిని నిలిపి, ఓట్లు అడిగినవాళ్లను 'తటస్థ పార్టీలు' అనడం నాకు నిజంగా బాధ కలిగించింది. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలబడ్డవాడు, నీళ్లలో దిగనివాడు. భారతంలో చూడండి. భీముడు, దుర్యోధనుడు ఇద్దరూ తన దగ్గర గదాయుద్ధం నేర్చినవాళ్లే కనుక బలరాముడు ఎటూ చేరలేక తీర్థయాత్రకు బయలుదేరాడు. కురుక్షేత్రంలో నెత్తురు పారుతున్న రోజుల్లో ఆయన సరస్వతీ నది వెంట తీర్థం తరువాత తీర్థం సేవిస్తూ నడిచాడు. అక్షరాలా తటస్థుడు! తిక్కన సోమయాజి తెనిగించిన పర్వాలు చదివినప్పుడల్లా ఈ మాట అక్కడే పుట్టిందా అనిపిస్తుంది నాకు. యుద్ధానికి దూరంగా ఉండిపోయిన మరొకడు రుక్మి. సేనతో పాండవుల దగ్గరికి వచ్చి, 'భయమైతే చెప్పు, నేనున్నాను' అని అర్జునుడితో అన్నాడు. వాళ్లు వద్దన్నారు. దుర్యోధనుడి దగ్గరికి వెళ్తే అతనూ వద్దన్నాడు. రుక్మిని తటస్థుడు అనగలమా? అనలేం. అతను దిగడానికే వచ్చాడు. అమెరికా మూడో పక్షాలు ఒడ్డున నిలబడలేదు, ఎవరి పిలుపు కోసమూ చూడలేదు, నీళ్లలో దూకాయి.

దూకినందుకు వాటికి వచ్చిన పేరు ఓట్లు చీల్చేవాళ్లని. ఈ 'చీల్చు' మన వార్తల్లో ఎప్పుడో స్థిరపడిన చక్కని మాట. 1844లో బానిసత్వాన్ని ఎదిరించిన లిబర్టీ పార్టీ అభ్యర్థి జేమ్స్ బర్నీకి న్యూయార్క్‌లో 15 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అక్కడ డెమొక్రాట్ పోక్ చేతిలో విగ్ పార్టీ అభ్యర్థి క్లే ఓడింది 5 వేల పైచిలుకు ఓట్లతో. ఆ ఒక్క రాష్ట్రంతో అధ్యక్ష పదవే చేజారింది. 2000లో ఫ్లోరిడాలో నేడర్‌కు 97 వేల పైన ఓట్లు వచ్చాయి, డెమొక్రాట్ గోర్ మీద రిపబ్లికన్ బుష్ ఆధిక్యం 537. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే ఎలక్టోరల్ ఓట్లన్నీ గంపగుత్తగా పోతాయి. అందుకే 1992లో స్వతంత్రుడిగా నిలబడ్డ రాస్ పెరో నూటికి 19 దాకా ఓట్లు తెచ్చుకున్నా చేతికి ఒక్క ఎలక్టోరల్ ఓటూ రాలేదు.

మరి మూడో రెక్క నిలిచిన సందర్భమే లేదా? ఉంది, కానీ మూడోదిగా కాదు. 1854 మార్చి 20న విస్కాన్సిన్‌లోని రిపన్‌లో ఒక చిన్న బడి ఇంట్లో, బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకడాన్ని సహించలేనివాళ్లు కూడారు. రిపబ్లికన్ పార్టీ పుట్టిల్లు తమదేనని చెప్పుకునే ఊళ్లలో అదొకటి. ఆరేళ్లకు లింకన్ గెలిచాడు. అప్పటికి విగ్ పార్టీ అనే పాత రెక్క రాలిపోయింది. పక్షి మళ్లీ రెండు రెక్కలదే అయింది. 'పక్షం' అన్న మాట ఈ చరిత్రకు ఎంత చక్కగా అతుకుతుందో చూశారా!

'మూడో కూటమి' ఇక్కడ కుదరదు. కూడు ధాతువు నుంచి వచ్చిన కూటమి అంటే కలయిక. మన ఢిల్లీ రాజకీయాల్లో నాలుగు పార్టీలు చేతులు కలిపితే అది సరైన మాట. అమెరికా మూడో పక్షం సాధారణంగా ఒంటరిది. 1896లో రైతుల పీపుల్స్ పార్టీ డెమొక్రాట్ల అభ్యర్థి బ్రయన్‌నే తన అభ్యర్థిగా నిలుపుకుంది. దాన్ని కావాలంటే కూటమి అనండి. ఆ పార్టీవాళ్లనే పాపులిస్టులు అనేవారు. ఆదాయపు పన్ను, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక వాళ్ల 1892 నాటి కోరికలు. 1913లో ఆ రెండూ రాజ్యాంగ సవరణలయ్యాయి. 'పాపులిస్టు' కనిపించిన ప్రతిచోటా 'జనాకర్షక' అని దులిపేసుకునే ఉపసంపాదకులు ఇది గుర్తుంచుకోవాలి.

మరొక అనువాదం నా ప్రాణం తీసింది. 1912లో థియొడోర్ రూజ్‌వెల్ట్ పెట్టిన ప్రోగ్రెసివ్ పార్టీకి 'బుల్ మూస్' అని ముద్దుపేరు. ఒకరు దాన్ని 'ఎద్దు దుప్పి పార్టీ' అన్నారు. అక్కడ బుల్ అంటే ఎద్దు కాదు, మగది. దానికి మనకు 'పోతు' ఉంది. దున్నపోతు, మేకపోతు అనేవాళ్లం దుప్పిపోతు అనలేమా? ఆ దుప్పిపోతు 88 ఎలక్టోరల్ ఓట్లతో రెండో స్థానంలో నిలిచి, అధికారంలో ఉన్న టాఫ్ట్‌ను 8 ఓట్లతో మూడో స్థానానికి నెట్టింది.

కనుక నా మొగ్గు 'మూడో పక్షం' వైపు. అయితే బీమా కాగితాల్లో 'తృతీయ పక్షం' అంటే ఒప్పందానికి సంబంధం లేని బయటివాడు. అక్కడ ఆ మాట పాతుకుపోయింది కనుక, గందరగోళం వస్తుందనుకుంటే 'మూడో పార్టీ' అనండి, తప్పుపట్టను. సంస్కృత 'తృతీయ'ను ఇంగ్లీషు 'పార్టీ'కి తగిలించడం మాత్రం నా చెవికి ఎక్కదు. 'మూడో పక్షాలు' అన్న బహువచనం ఇంకా కొంత కొత్తగానే ఉంది. వాడగా వాడగా నలుగుతుందేమో. 'తటస్థ' వద్దే వద్దు.

'మూడవ', 'మూడో' రెండూ ఒప్పే. 'మూడవ' నోట్లో నలిగి 'మూడో' అయింది. రెండూ కలిపి 'మూడోవ' అని రాయకండి.