మా తమ్ముడు రోయింగ్ డబుల్స్‌లోనో, నలుగురి పడవలోనో ఒలింపిక్స్ దాకా వెళ్లగలడా?

మీ తమ్ముడికి 17 నిండాయి, 6 అడుగుల 1 అంగుళం, 68 కిలోలు, కావలిలో ఇంటర్ అని రాశారు. నేను ఒలింపిక్స్‌కి పోలేదు. ఆర్మీలో ఉండగా ఆరేళ్లు పుణెలో తెడ్డు లాగాను. నలుగురు లాగే క్వాడ్ పడవలో సీటు వచ్చింది, పోయింది కూడా.

మాది ఇస్కపల్లి వైపు. బకింగ్‌హామ్ కాలువలో గెడ వేసి పడవ నడిపినవాణ్ని, ఇదేం లెక్క అనుకున్నా. మొదటిరోజే నీళ్లలో పడ్డా. సింగిల్ పడవ బరువు 14 కిలోలే, గట్టిగా ఊపిరి పీల్చినా ఊగుతుంది. కింద చక్రాల సీటు, చేతికో తెడ్డు, ముఖమేమో వెనక్కి. లాగేటప్పుడు రెండు పిడులూ కడుపు ముందు ఒకదాని మీదుగా ఒకటి దాటాలి. ఎడమచేతి గోళ్లు గీరుకుని నా కుడిచెయ్యి వెనకవైపు నెలరోజులు పుండు ఆరలేదు. సెలవుకొచ్చి చెప్తే మా తాత, "పోయే దిక్కు చూడకుండా పడవ నడిపేదేందిరా?" అని ఒకటే నవ్వు.

టీమ్ పడవకి బలం ఒక్కటే చాలదు. ఒడ్డునే కూర్చుని తెడ్డు లాగినట్టు లాగే ఎర్గో మెషీన్ మీద 2000 మీటర్లకి, నాలుగో సీటుకి నాతో పోటీపడ్డ అతనికంటే నేనే 4 సెకన్లు ముందుండేవాణ్ని. కోచ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి కూర్చోబెట్టి టైమ్ తీస్తే మాత్రం, అతనున్నప్పుడే పడవ ముందొచ్చింది. చాలా రోజులు అన్యాయమనుకున్నా. తర్వాత వీడియో పెట్టారు. ఎనిమిది తెడ్లూ ఒక్క చప్పుడుతో నీళ్లలో పడాలి. నేనున్న పడవలో రెండు చప్పుళ్లు వినపడుతున్నాయి. నా తెడ్డు రవ్వంత ముందు పడేది. ఇంకేం మాట్లాడతాం!

ఇక అసలు సంగతి, బరువు. 2021 టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ 11వ స్థానం తెచ్చింది లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్‌లో, అంటే తక్కువ బరువున్న ఇద్దరు లాగే పోటీలో. అందులో ఒక్కొక్కరు 72.5 కిలోలు దాటకూడదు, ఇద్దరి సగటు 70. మీ వాడికి సరిగ్గా సరిపోయేది, కానీ 2024 పారిస్‌తో ఆ పోటీ తీసేశారు, 2028లో లేదు. మిగిలినవాటిలో 90 కిలోలవాళ్ల పక్కన లాగాలి. టోక్యో క్వాడ్‌లో నెదర్లాండ్స్ వాళ్లు 2000 మీటర్లు 5 నిమిషాల 32 సెకన్లలో కొట్టేశారు. మనకి రోయింగ్‌లో ఒలింపిక్ పతకం ఇంతవరకూ లేదు.

అలాగని కొట్టిపారేయలేం. 2018 ఆసియా క్రీడల క్వాడ్‌లో స్వర్ణ్ సింగ్, దత్తు భోకనల్, ఓం ప్రకాశ్, సుఖ్‌మీత్ సింగ్ బంగారం తెచ్చారు. దత్తుది నాసిక్ జిల్లాలో నీటికి కటకటలాడే ఊరు, పడవ పట్టింది ఆర్మీలో చేరాకే. మీ వాడికీ నాకు తోచే దారి అదే. అగ్నివీర్‌కి 17న్నర నిండాలి, ఈలోపు 1.6 కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టించండి, కడుపునిండా తిండి పెట్టండి. ముందు ఈత వచ్చో రాదో చూడండి. మొదటివారం నీళ్లలో పడటం ఖాయం.