కొవ్వు తినే కుక్కకు రాని గుండెపోటు మనకెందుకు?

"మాంసం కొట్టు దగ్గర కొవ్వు ముక్కలు తిని బతికే కుక్కలకు రక్తనాళాలు పూడవు. మితంగా తినే మా నాన్నకు స్టెంట్ వేశారు. ఎందుకిలా?" అని ఒకరు అడిగారు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో పాథాలజీ చదివేటప్పుడు ఈ ప్రశ్న నన్నూ తొలిచింది.

పోస్ట్‌మార్టం చేసిన వీధికుక్కల బృహద్ధమనిని, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని, కత్తెరతో నిలువునా చీల్చితే, లోపల లేత కొబ్బరిలా నున్నగా, తెల్లగా ఉండేది. కుక్క రక్తంలో కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా మోసేది హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటామే, అది), మనలో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్). తేడా అక్కడుంది. ఒకసారి మాత్రం థైరాయిడ్ తగ్గిన ముసలి లాబ్రడార్ వచ్చింది. దాని గుండె నాళాలు పసుపుపచ్చగా, తాడులా గట్టిపడి వేలికి తగిలాయి. ఆ రోజు నేను నిజంగా బిత్తరపోయాను. థైరాయిడ్ తగ్గితే కుక్కలో కూడా కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది.

నాళాలు పూడటమంటే పైపులో పాచి పట్టడం అని చాలామంది అనుకుంటారు. కాదు, జబ్బు గోడ లోపలే మొదలవుతుంది. ఎల్‌డీఎల్ లోపలి పొరను దాటి గోడలో చిక్కుకుంటుంది. దాన్ని మింగిన రక్షక కణాలు నురగలా ఉబ్బుతాయి. మొదట మీగడ రంగు చారలు కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిన కణాలు, కొవ్వు, సున్నం పేరుకుంటాయి, పైన నారపొర మూతలా కప్పుతుంది. ఇదే ఫలకం. ఆ మూత పలచబడి చిట్లితే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి పెట్టి ఈ చారలు తెప్పించాడు. గడ్డి తినే జీవి కాబట్టి తట్టుకోలేకపోయింది. ఎలుకలు, కుక్కలు అంత తేలిగ్గా లొంగవు. 1992లో జన్యువు తీసేసి తయారుచేసిన చిట్టెలుకల్లో ఫలకాలు బాగా వస్తాయి కానీ మనలోలా చిట్లడం అరుదు. నన్నడిగితే మనకు దగ్గరి పోలిక పందిదే. దాని గుండె నాళాల్లో ఇవి మనలాగే పుడతాయి.

మీ నాన్నగారి కోసం చెప్పాల్సింది ఇంకొకటుంది. కొవ్వు తిండితో నాళాలు పూడిన కోతులకు ఆ తిండి మాన్పించి మూడేళ్లకు పైగా చూశారు. ఫలకాల్లోని కొవ్వు బాగా తగ్గింది, నాళం దారి తెరుచుకుంది. ఆ ఫలితాలు 1970లో వచ్చాయి. మనుషుల్లో స్టాటిన్ మాత్రలు ఎల్‌డీఎల్‌ను దించి, మూత గట్టిపడేలా చూస్తాయి. కాబట్టి స్టెంట్ వేశారు కదా అని ఆ మాత్రను డాక్టర్‌ను అడగకుండా ఆపనివ్వకండి.