పన్ను తగ్గిన రోజు దగ్గర ఆగు

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అమెరికా వలసలు బ్రిటన్ మీద ఎందుకు తిరగబడ్డాయో చెప్పాలన్నది నీ తపన. తేదీలు సరిగ్గా ఉన్నాయి, వాక్యం చదివిస్తోంది. కానీ మూడో పేజీకి వచ్చేసరికి నాకు బడిలో రాసుకున్న సోషల్ నోట్సు గుర్తొచ్చింది. "కారణములు" అని రాసి కింద గీత, ఆపైన ఒకటి, రెండు, మూడు. చివర్లో "పన్నుల భారం భరించలేక ప్రజలు తిరగబడ్డారు" అన్నావు. పెన్సిలు అక్కడే ఆగిపోయింది.

ఆ భారం ఎంతో చూశావా? 1764లో మొలాసిస్ (చెరకు మడ్డి) మీద సుంకాన్ని గాలనుకు 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు తగ్గించారు. సగానికి సగం తగ్గినా గొడవ పెరిగింది. పాత ఆరు పెన్నీలు ఎవరూ సరిగ్గా కట్టేవాళ్ళు కాదు. ఈ మూడు మాత్రం ముక్కు పిండి వసూలు చేస్తామన్నారు, పట్టుబడినవాణ్ణి జ్యూరీ లేని కోర్టుకు ఈడుస్తామన్నారు. ఇక 1773 టీ చట్టం కొత్త పన్నేమీ వెయ్యలేదు. పౌండు టీకి 3 పెన్నీల సుంకం 1767 నుంచీ ఉన్నదే. ఈస్టిండియా కంపెనీ తన టీని లండన్ వేలంతో పని లేకుండా నేరుగా అమెరికాకు పంపుకోవచ్చని, బ్రిటన్‌లో కట్టిన సుంకం వెనక్కి ఇస్తామని మాత్రమే ఆ చట్టం చెప్పింది. దాంతో టీ చౌకైంది. ఆ చౌక టీనే బోస్టన్‌లో సముద్రం పాలు చేశారు.

నీ వ్యాసం తిరగాల్సింది ఈ చిక్కుముడి చుట్టూ. భారం తగ్గినప్పుడు కోపం పెరిగిందంటే అసలు నొప్పి వేరే చోట ఉందన్నమాట.

ఎక్కడుందో నా ఆలోచన చెబుతాను. అప్పటిదాకా చాలా వలసల్లో గవర్నరు జీతం ఎంతో, ఎప్పుడివ్వాలో అక్కడి శాసనసభలే తేల్చేవి. రాజు పంపిన మనిషే అయినా నెల గడవాలంటే ఊరివాళ్ళ మాట వినక తప్పేది కాదు. 1767 సుంకాల డబ్బుతో గవర్నర్లకు, జడ్జీలకు జీతాలిచ్చే దారి పార్లమెంటు తెరిచింది. 1772లో మసాచుసెట్స్ పై కోర్టు జడ్జీల జీతం ఇక రాజుగారి ఖజానా నుంచే అని తేలింది. ఊరి చేతిలో ఉన్న పగ్గం జారిపోయింది. టీ కప్పులో ఉన్న ఆ మూడు పెన్నీలు ఎవరి జేబులోకి వెళ్ళి ఎవరిని ఎవరికి జవాబుదారీగా చేస్తాయన్నదే తగాదా. దీన్ని నువ్వు అర వాక్యంలో దాటేశావు. దీనికి రెండు పేజీలివ్వు. బ్రిటన్ ఫ్రాన్సుతో చేసిన ఏడేళ్ల యుద్ధం అప్పుల గురించి ఒక పేరా చాలు.

దృశ్యం కావాలంటే బోస్టన్‌లో టీ పారబోసిన 1773 డిసెంబరు 16 రాత్రికంటే మర్నాటి పొద్దున చూపించు. 342 పెట్టెలు పగలగొట్టి పారబోశారని అందరూ రాస్తారు. అందులో పాల్గొన్న జార్జ్ హ్యూస్ అనే చెప్పులు కుట్టే మనిషి ముసలితనంలో చెప్పిన సంగతి ఒకటుంది. తెల్లారి చూస్తే టీ ఆకు ఇంకా నీళ్ళమీద తేలుతోందట. ఎవరైనా ఏరుకుపోతారని జనం చిన్న పడవలు వేసుకెళ్ళి, తెడ్లతో కొట్టి కొట్టి దాన్ని నానబెట్టి ముంచారట. ఆ తెడ్ల చప్పుడు వినిపించేలా రాయి.

ఆ టీ చైనాది, సరుకు కంపెనీది. ఇక్కడ మనకు సొంత సంబంధం ఉంది, నువ్వు గమనించలేదు. అమెరికాలో స్టాంపు చట్టం (పత్రాలు, పత్రికల కాగితం మీద వేసిన పన్ను) రగిలిన 1765లోనే, ఆగస్టులో, కంపెనీ మొగలు పాదుషా చేత బెంగాల్ దివానీతోపాటు, అంటే శిస్తు వసూలు హక్కుతోపాటు, మన కోస్తాలోని ఉత్తర సర్కార్ల ఫర్మానా కూడా రాయించుకుంది. 1770 బెంగాల్ కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ వార్త సముద్రాలు దాటింది. పెన్సిల్వేనియా న్యాయవాది జాన్ డికిన్సన్ 1773 నవంబరులో మారుపేరుతో రాసిన కరపత్రంలో, ఆసియాలో కంపెనీ జనాన్ని ఆకలికి చంపిన తీరు చూపించి తనవాళ్ళను హెచ్చరించాడు. తమ గతి రేపు బెంగాల్ గతి అవుతుందన్న భయం కూడా ఆ తిరుగుబాటుకు కారణమే. యార్క్‌టౌన్‌లో 1781లో అమెరికన్లకు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఐదేళ్ళకు గవర్నర్ జనరల్‌గా ఇక్కడికే వచ్చాడు. 1793లో బెంగాల్లో అతను పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే తర్వాత మన సర్కార్లకూ వచ్చింది. అక్కడ ఓడిన దొర చట్టం కింద మన రైతు ఎంత నలిగాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

సాక్షుల దగ్గర జాగ్రత్త. యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19 పోరులో ఉన్న లెవీ ప్రెస్టన్‌ను అరవై ఏళ్ళు దాటాక ఒక కుర్రాడు అడిగాడు, ఎందుకు పోరాడావని. స్టాంపు కాగితం ఒక్కటీ తన కంటపడలేదన్నాడు, ఆ టీ చుక్క కూడా తాగలేదన్నాడు. మమ్మల్ని మేమే ఏలుకుంటూ వచ్చాం, అలాగే ఉండాలనుకున్నాం, వాళ్ళు కూడదన్నారు, ఇంతే అతని జవాబు. నాకు చాలా ఇష్టమైన జవాబు. అయినా అది ముసలితనంలో చెప్పిన జ్ఞాపకం. హ్యూస్ మాటా అంతే. వాడుకో, కానీ ఎవరు ఎప్పుడు చెప్పారో పాఠకుడికి చెప్పి వాడుకో.

స్వేచ్ఛ అని పదకొండుసార్లు రాశావు, లెక్కపెట్టాను. వ్యాసంలో నల్లమనిషి ఒక్కడూ లేడు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సైన్యంలో చేరితే విడుదల ఇస్తానన్నాడు. అది విని రాజుకు ఎదురు తిరిగిన తోటల యజమానులున్నారు. 1763లో అపలాచియన్ కొండలు దాటవద్దని రాజు గీసిన గీత మీద కోపమూ ఉంది. ఆ గీతకు అవతల ఉన్నది స్థానిక తెగల నేల. ఈ కారణాలు మనకు నచ్చవని దాచకూడదు, తల్లీ. ఏలుకునే హక్కు గురించి అంత నిజాయితీగా పోరాడినవాళ్ళలోనే ఇవి కూడా ఉన్నాయి.

"1765 నుంచే స్వాతంత్ర్యం వైపు అడుగులు పడ్డాయి" అన్న వాక్యం కొట్టేశాను. 1775 జులైలో కూడా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ రాజుకు సంధి అర్జీ పంపింది, రాజు దాన్ని తీసుకోలేదు. ఏడాది తిరగకుండా తెగతెంపులయ్యాయి. రేపేమవుతుందో తెలియని మనుషులుగా వాళ్ళను రాయి.

తెడ్లతో మొదలుపెట్టి చూడు. కుదరకపోతే జడ్జీల జీతాలతో మొదలుపెట్టు. నీ పాత ప్రతి పెన్సిలు గుర్తులతో విడిగా పోస్టులో పంపుతున్నాను. తిరగరాశాక రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి పైకి చదువు, ఆ తర్వాతే నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు