పాత కాన్ఫిగరేషన్ ఎక్కించినా కొత్త లైన్లు ఎందుకు పోవడం లేదు?

మీ సిస్కో రౌటర్‌లోకి పాత బ్యాకప్ ఫైలును ‘కాపీ టీఎఫ్‌టీపీ: రన్నింగ్-కాన్ఫిగ్’ ఆదేశంతో తెచ్చినా, ఆ తర్వాతి కాలంలో చేర్చిన యాక్సెస్-లిస్ట్ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో, ఏది ఆపాలో చెప్పే జాబితా) లైన్లు అలాగే మిగిలిపోయాయని రాశారు. అది లోపం కాదు, సిస్కో రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ పనిచేసే తీరే అంత. రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి, అంటే ప్రస్తుతం అమలులో ఉన్న కాన్ఫిగరేషన్‌లోకి కాపీ చేసినప్పుడు, ఫైలులోని ఆదేశాలను మీరే ఒక్కొక్కటిగా టైపు చేసినట్టు రౌటర్ అమలు చేస్తుంది కాబట్టి, హోస్ట్‌నేమ్ వంటి ఒకే విలువ ఉండే అంశాలు మారిపోతాయి గానీ, ఫైలులో లేని లైన్లను తీసివేయమని దానికి ఎవరూ చెప్పినట్టు కాదు. రౌటర్ ఆన్ అయినప్పుడు చదువుకునే స్టార్టప్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేస్తే మాత్రం పాతది పూర్తిగా పోతుంది, అయితే ఆ మార్పు రీలోడ్ (రౌటర్‌ను మళ్ళీ స్టార్ట్ చేయడం) తర్వాతే అమలులోకి వస్తుంది.

మీకు కావలసిన ఆదేశం ‘కాన్ఫిగర్ రీప్లేస్’. ఫైలును ముందు రౌటర్‌లోని ఫ్లాష్ మెమరీలోకి కాపీ చేసుకుని, ‘కాన్ఫిగర్ రీప్లేస్ ఫ్లాష్:’ పక్కనే ఫైలు పేరు ఇస్తే, రౌటర్ రెండు కాన్ఫిగరేషన్లనూ పోల్చి, తేడా ఉన్న లైన్లను మాత్రమే చేరుస్తుంది లేదా తొలగిస్తుంది. ఆ ఫైలు పూర్తి కాన్ఫిగరేషన్ అయి ఉండాలి. నాలుగు లైన్ల ముక్క ఇస్తే, అందులో లేనిదంతా తీసివేయడానికి పూనుకుంటుంది.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి చేస్తున్నట్లయితే, కాన్ఫిగరేషన్ కాపీలను దాచిపెట్టే ఆర్కైవ్ సదుపాయాన్ని ముందే అమర్చి, ఆదేశం చివర ‘టైమ్ 10’ చేర్చండి. (ఇది లేకుండా దూరపు రౌటర్‌ను ముట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.) 10 నిమిషాల్లోగా ‘కాన్ఫిగర్ కన్ఫర్మ్’ ఇవ్వకపోతే, అది తనంతట తానే మునుపటి స్థితికి వెళ్ళిపోతుంది. అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ ఇవ్వండి.