రవ్వ వద్దు, గింజలే ఉడికించండి

ప్రశ్న: డిసెంబర్ 13న పునీత లూసియా పండుగ. మా అమ్మది ఆ పునీతురాలి పేరే. ఈమధ్యే అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ పండుగకు ఇటలీలోని సిసిలీ దీవిలో గోధుమలు ఉడికించి తింటారని విన్నాను. అమ్మ గట్టివి నమలలేదు. గోధుమలకు బదులు రవ్వతో చేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: రవ్వ మాత్రం వద్దండీ. అక్కడ ఈ వంటను 'కుచ్చీయా' అంటారు. మర పట్టని గింజే దీనికి ప్రాణం. 1646లో సిసిలీ కరువుతో అల్లాడుతుంటే, సరిగ్గా లూసియా పండుగనాడే గోధుమల ఓడ రేవుకు వచ్చిందని చెప్పుకుంటారు. పిండి విసిరి రొట్టె కాల్చేదాకా ఆగలేక, జనం గింజల్ని అలాగే ఉడికించి, కాస్త నూనె కలుపుకుని తిన్నారట. ఆ ఓడ మా రేవుకే వచ్చిందని పలెర్మో వాళ్లూ అంటారు, సిరాక్యూస్ వాళ్లూ అంటారు. పలెర్మోలో ఇప్పటికీ చాలామంది ఆ రోజు రొట్టె, పాస్తా ముట్టరు. రవ్వతో చేస్తే రుచి రావచ్చు కానీ ఆ జ్ఞాపకం పోతుంది. నాకైతే మనసొప్పదు.

అమ్మగారి పళ్ల గురించి టెన్షన్ వద్దు. అంతా నానడంలోనే ఉంది. మొదటిసారి నేను నాలుగు గంటలే నానబెట్టాను. ఎంత ఉడికించినా గింజ నడుమ గట్టిగానే ఉండిపోయింది. అందుకే 11వ తేదీ సాయంత్రమే నానబెట్టండి, మధ్యలో రెండు మూడు సార్లు నీళ్లు మార్చండి. నలుగురికి 200 గ్రాములు చాలు. 12న సాయంత్రం ఆ నీళ్లు వంపేసి, మంచినీళ్లు ధారాళంగా పోసి, చిటికెడు ఉప్పు వేసి కుక్కర్లో ముప్పావుగంట సన్నటి సెగ మీద ఉంచండి. గింజ పగిలి, వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి. అమ్మగారి వాటా విడిగా తీసి ఇంకాస్త ఉడికించండి. వేడి నీళ్లలోనే చల్లారనిస్తే ఇంకా ఉబ్బుతాయి. తర్వాత నీళ్లు పూర్తిగా ఓడ్చేయాలి, తడి మిగిలితే అంతా జారుగా అవుతుంది.

సిసిలీలో గొర్రె పాలతో చేసే రికోటా అనే మెత్తటి జున్ను కలుపుతారు. అది దొరక్కపోతే లీటరున్నర పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండొద్దు, మెత్తగా ఉండాలి. 80 గ్రాముల చక్కెర కలిపి జల్లెడలో రుద్దితే వెన్నలా వస్తుంది. చల్లారిన గోధుమలు అందులో కలిపి, పైన దాల్చినచెక్క పొడి చల్లండి. చాక్లెట్ ముక్కలు, పాకంలో ఊరిన నారింజ తొక్క మీ ఇష్టం.

లూసియా క్రీ.శ. 304లో సిరాక్యూస్‌లో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి వేదసాక్షి అయింది. ఆ పేరుకు మూలం వెలుగు అనే అర్థమున్న లాటిన్ మాట. కంటిచూపు కోసం ఆమెనే వేడుకుంటారు, పటాల్లో ఆమె చేతిలోని పళ్లెంలో రెండు కళ్లు కనిపిస్తాయి. ఉదయం పూజ నుంచి రాగానే మొదటి గిన్నె అమ్మగారికే ఇవ్వండి. నా తరఫున పండుగ శుభాకాంక్షలు కూడా చెప్పండి.